పదకొండో గుంజ

"సంతకం పెడతావా, పెట్టవా? ఒక్క ముక్కలో చెప్పు."

పెద్ద మాస్టారు కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద కళ్ళజోడు డబ్బా పెట్టారు. పొద్దున కాఫీల దగ్గర మొదలైన గొడవ సాయంత్రం నాలుగయినా ఓ కొలిక్కి రాలేదు. ఆదివారం కావడంతో, పని పేరు చెప్పి తప్పించుకునే వీలు కూడా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

"పెట్టను మామయ్యా," అంది కోడలు.

"కారణం?"

"అందులో రాసింది నిజం కాదు."

కాగితంలో ఉన్నవి మూడే మూడు వాక్యాలు. అజాగ్రత్త వల్ల బోర్డు మీద లెక్క తప్పు చేశానని మొదటిది. ఇక మీదట పెద్ద మాస్టారి నోట్సు ప్రకారమే, అక్షరం పొల్లు పోకుండా పాఠం చెబుతానని రెండోది. ఈ మాటలు ఎనిమిదో తరగతి బి సెక్షను పిల్లల ముందు నిలబడి చదువుతానని మూడోది.

రేపు పది గంటలకు బడిలో విచారణ. కమిటీలో ముగ్గురు సభ్యులు. ఆ బడిలోనే ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన పెద్ద మాస్టారే దానికి అధ్యక్షులు. సంతకం పెడితే కోడలి ఉద్యోగం నిలుస్తుంది. పెట్టకపోతే అధ్యక్షులవారే స్వయంగా ఆమెను ఇంటికి పంపాలి. పంపే మనిషిదీ, వెళ్ళే మనిషిదీ ఒకటే ఇల్లు కావడం వల్ల రెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు.

"నిజం కాదా? బోర్డు మీద తప్పు రాశావా, లేదా?"

"రాశాను. కావాలని రాశాను. పిల్లలు పట్టుకుంటారేమోనని."

"కావాలని తప్పు రాసే టీచరు ఎక్కడైనా ఉంటుందటమ్మా?"

"విదేశంలో నేను చదువుకున్నచోట ఉంటారు. ఎనిమిదేళ్ళు అక్కడ పాఠాలు చెప్పాను. వారానికోసారైనా రాసేదాన్ని."

"అయితే ఆ తప్పులేవో అక్కడే రాసేసి రావాల్సింది. వెంట తెచ్చుకోవడం దేనికి?"

కిటికీ పక్కన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న భర్త గొంతు సవరించుకున్నాడు. అతను ఆసుపత్రుల్లో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేస్తాడు. లోపలున్నదంతా బయటపెట్టే యంత్రాలతో ఇన్నేళ్ళు సావాసం చేసినా, తండ్రి ఎదుట తన మనసులో ఏముందో మాత్రం ఒక్కనాడూ బయటపెట్టలేదు. ఇలాంటి సమయాల్లో కిటికీలోంచి ఇంటి ముందు కంచెనీ, ఆ చెక్క గుంజల వరస చివర తుప్పుపట్టి నిలబడ్డ ఒకే ఒక్క ఇనప గుంజనీ చూస్తూ కూర్చోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"పోనీ నాన్నా, 'అజాగ్రత్త' తీసేసి 'పొరపాటు' అని పెడితే? వినడానికి కాస్త మెత్తగా ఉంటుంది."

తండ్రీ, భార్యా ఒకేసారి అతని వైపు చూశారు. ఆ రోజు మొత్తం మీద వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. అతను మళ్ళీ పేపర్లోకి దిగిపోయాడు.

జరిగింది చూస్తే చాలా చిన్న సంగతి. మూడు వారాల కిందట ఆమె బి సెక్షనులో సగటు వేగం లెక్క చెప్పింది. ఒక లారీ గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిన అరవైతో తిరిగొచ్చింది. సగటు వేగం ఎంత? బోర్డు మీద నలభై, అరవై కూడి, రెండుతో భాగించి, యాభై అని రాసి కింద గీత గీసింది. అది తప్పు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది కనక సగటు నలభై ఎనిమిదే వస్తుంది. గీత గీసి, చాక్‌పీసు పెట్టేసి, చేతులు దులుపుకుని పిల్లల వైపు తిరిగింది.

అక్కడైతే ఈపాటికి సగం క్లాసు లేచి గోల చేసేది. టీచరు దొరికిపోయిందని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ గోల కోసమే ఆమె తప్పు రాసేది.

ఇక్కడ ఒక్క పిల్ల మాత్రం తలెత్తి చూసి, మళ్ళీ దించేసుకుంది. చివరికి నలభై ముగ్గురూ తలలు వంచి, యాభై అని నోట్సులో ఎక్కించుకుని, స్కేలు పెట్టి కింద గీత కూడా గీశారు.

"అర్థమైందా?" అని అడిగింది, చివరి ఆశగా.

"అర్థమైందండీ..." అని క్లాసంతా ఒకే గొంతుతో సాగదీసింది. అంతలో బెల్లు కొట్టారు.

తరవాత మూడో రోజునే అన్ని సెక్షన్లకూ కలిపి పరీక్ష. అందులో పది మార్కులకు అదే లెక్క, అంకెలు మాత్రం వేరు. బస్సు ముప్ఫైతో వెళ్ళి అరవైతో తిరిగొచ్చింది. రావలసింది నలభై. ఎ సెక్షనులో అందరికీ నలభై వచ్చింది. బి సెక్షనులో నలభై ముగ్గురికీ నలభై అయిదు వచ్చింది. తల్లిదండ్రులు అగ్గిమీద గుగ్గిలమై వచ్చి, హెడ్మిస్ట్రెస్ గదిలో కుర్చీలు చాలక నిలబడే అరిచారు. పరాయి దేశపు ప్రయోగాలు మా పిల్లల మీద వద్దన్నారు.

"మధ్యలో రెండు రోజులున్నాయి కదా, అది తప్పని పిల్లలకు ఎందుకు చెప్పలేదు?" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది. పాఠాలు పూర్తి చేసే హడావిడిలో మరిచిపోయానని ఆమె జవాబిచ్చింది. ఇంట్లోనూ అదే చెప్పింది. అన్ని మాటల్లోకీ ఆ ఒక్క మాటే ఆమెను లోలోపల గుచ్చుతోంది.

"మామయ్యా, ఒక్క నిమిషం వినండి," ఇప్పుడు గొంతు తగ్గించింది. "నేను అక్కడ చదువుకోవడానికి వెళ్ళిన కొత్తలో ఇలాగే నోరు మూసుకుని కూర్చునేదాన్ని. మొదటి ఏడాది నా రిపోర్టులో ఏం రాశారో తెలుసా? ఈమెకు పాఠం మీద ఆసక్తి లేదు అని. ఆసక్తి లేక కాదు, చెప్పేవాళ్ళ మాటకు అడ్డు రాకూడదని. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను. అక్కడ అడగడమే గౌరవం. ఇక్కడ అడక్కపోవడం గౌరవం. పిల్లలు రెండుచోట్లా మర్యాదగానే ఉన్నారు. మధ్యలో నేనే ఎటూ కాకుండా పోయాను."

"అంత తెలిసినదానివి, ఇక్కడి పిల్లల మీద అక్కడి ఎత్తులు ఎందుకు వేశావు? ముందు చెప్పావా వాళ్ళకి, ఇలా తప్పు రాస్తాను, పట్టుకోండి అని? ఈత నేర్పకుండా నీళ్ళలోకి తోసి, వీడికి ఈత రాదు చూశారా అన్నట్టుంది నీ వరస."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. అందులో న్యాయం ఉందనిపించడం ఇంకా ఎక్కువ బాధపెట్టింది. లేచి పెరటి వైపు వెళ్ళింది. భర్త పేపరు మడిచి ఆమె వెనకే వచ్చాడు.

"ఎందుకంత పంతం?" అన్నాడు, ఆరేసిన బట్టల చాటున నిలబడి. "మూడు వాక్యాలు. చదివేస్తే అయిపోతుంది. నాన్న ఎవరి ఉద్యోగం కోసమూ నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. నీ కోసం అడిగారు. ఈ చుట్టుపక్కల ఏ బడిలో చూసినా లెక్కల టీచర్లంతా ఆయన శిష్యులే. ఇక్కడ కాదంటే ఇంకెక్కడా రానివ్వరు నిన్ను."

"నాకు తెలుసు."

"తెలిసి కూడానా?"

"తప్పు కనిపిస్తే పట్టుకోండర్రా అని నేర్పడానికి వెళ్ళాను. ఇప్పుడు ఆ పిల్లల ముందే నిలబడి, ఇక అక్షరం పొల్లు పోకుండా నోట్సు అప్పజెబుతానని చదవాలా? ఆ తరవాత నేనేం చెప్పినా వాళ్ళు తలెత్తి చూస్తారా? అలా చెప్పే ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత?"

"నీకు అనడం తేలిక."

"మీకు ఊరుకోవడం తేలిక," అంది. అన్న మరుక్షణం అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. అతను తాడు మీద తడి తువ్వాలు సరిగ్గానే ఉన్నా మళ్ళీ సరిచేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్ద మాస్టారు అలమర మీద నుంచి జవాబు పత్రాల కట్ట దించి, పురికొస ముడి విప్పుతున్నారు. విచారణలో సాక్ష్యం కోసం లెక్కల మాస్టారు నిన్ననే తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఎ సెక్షనుకు లెక్కలు చెప్పేది అతనే. పెద్ద మాస్టారి శిష్యుడు. గురువుగారి ఇంట్లో కుర్చీ వేస్తే ఇప్పటికీ అంచు మీదే కూర్చుంటాడు.

"ఇవి అయితే అబద్ధం చెప్పవు కదా," అంటూ పెద్ద మాస్టారు చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు. రిటైరై ఏడేళ్ళయినా ఆయన ఆ పెన్సిలు లేకుండా ఉండలేరు. కిరాణా చీటీలో అక్షరదోషాలు కూడా దాంతోనే దిద్దుతారు.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి గ్లాసులు తుడుస్తోంది. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. "కాస్త కాఫీ కలుపుతాను, తాగి అరుచుకోండి. ఖాళీ కడుపుతో అరిస్తే గొంతు పోతుంది," అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళింది.

పెద్ద మాస్టారు ఒక్కో పత్రమూ తిప్పుతున్నారు. నలభై అయిదు. నలభై అయిదు. నలభై అయిదు. ప్రతిదాని మూలా ఎర్ర పెన్సిలుతో చిన్న చుక్క పెడుతున్నారు. ఏడో పత్రం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. కాగితాన్ని కిటికీ వెలుగుకేసి ఎత్తి పట్టుకుని చూసి, విడిగా పక్కన పెట్టారు. తొమ్మిదోది కూడా అలాగే పెట్టారు. తరవాత పన్నెండోది, పదమూడోది, పదహారోది.

పక్కన పెట్టిన దొంతర పెరుగుతోంది. కోడలు దాన్నే చూస్తోంది. ఇంకేం తప్పు దొరికిందో, ఇంకేం మాట పడాలో అనుకుంది.

చివరి పత్రం కూడా అయ్యాక ఆయన పెన్సిలు కింద పెట్టారు.

"అమ్మాయ్, ఇటు రా."

గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడం చూసి ఆమెకు మరింత భయం వేసింది.

పక్కన పెట్టినవాటిలో మొదటిది ఆమె ముందుకు జరిపారు. నలభై అయిదు అని రాసిన చోటుకు పైన, సిరాతో అడ్డంగా కొట్టేసిన మూడు వరసలున్నాయి. అరవై కిలోమీటర్ల దారి అనుకుంటే వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి ఒక గంట. నూట ఇరవైని మూడుతో భాగిస్తే నలభై. అంతా సరిగ్గా చేసి, మొత్తం కొట్టేసి, కింద ముప్ఫై, అరవై కూడి, రెండుతో భాగించి, నలభై అయిదు వేసి, స్కేలుతో గీత గీసి ఉంది.

రెండో పత్రంలోనూ అంతే. మూడోదాంట్లో ఎంత ఒత్తి కొట్టేశారంటే అక్కడ కాగితం చిరిగింది.

"పంతొమ్మిది మంది," అన్నారు పెద్ద మాస్టారు. "పంతొమ్మిది మందికి లెక్క వచ్చు. వచ్చి, చేసి, కొట్టేశారు."

ఆమె కుర్చీలో కూలబడింది. పిల్లలకు తప్పు కనిపించలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. కనిపించింది. కనిపించినా, టీచరు మాట పోకూడదని తమ మార్కులు తామే కొట్టేసుకున్నారు. ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"మన పిల్లదీ ఇదే సెక్షను కదా, దాని పత్రం ఏదీ?"

"ఇరవై ఏడో నంబరు నాన్నా," అన్నాడు భర్త, పేపరు పూర్తిగా దించి.

ఇరవై ఏడో నంబరు పక్కన పెట్టినవాటిలోనే ఉంది.

"పిచ్చుకా!" అని పిలిచారు పెద్ద మాస్టారు.

పదమూడేళ్ళ పిల్ల లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. అక్కడ పరాయి దేశంలో ఉన్నన్నాళ్ళూ నిద్రలో తప్ప నోరు మూసేది కాదని తండ్రి ముద్దుగా పెట్టిన పేరది. ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో ఆ పిల్ల ఉందో లేదో తెలియాలంటే గదిలోకి వెళ్ళి చూడాల్సిందే.

"ఇది నువ్వే కొట్టేశావా?"

తలూపింది.

"ఎందుకు?"

పిల్ల చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

"తాతయ్య అడుగుతుంటే ఉలుకూ పలుకూ లేదేమే?" అన్నాడు తండ్రి.

"అమ్మ బోర్డు మీద అలాగే చేసింది కదా."

"అది తప్పని తెలుసా నీకు?" అంది తల్లి.

"తెలుసు."

"ఆ రోజు క్లాసులో నువ్వొక్కదానివే తలెత్తి నా వైపు చూశావు. మళ్ళీ దించేసుకున్నావు. అప్పటికే తెలుసా?"

"ఊఁ."

"మరి చెప్పొద్దుటే! నేను మీ అమ్మని!"

"క్లాసులో టీచరువి కదమ్మా. అంతమంది ముందు నీకు రాదని ఎలా అంటాను?" అంది పిల్ల. "ఇక్కడికొచ్చిన మొదటి వారంలో నేను లెక్కల మాస్టార్ని, అలా ఎందుకొస్తుందండీ అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. నవ్వారంతే. ఇంటర్వెల్‌లో అమ్మాయిలు చెప్పారు. అలా అడిగితే ఆయన సరిగ్గా చెప్పలేదని అన్నట్టట. చాలా పెద్ద తప్పట. ఆ తరవాత నేనెవర్నీ ఏమీ అడగలేదు."

తల్లికి ఈ సంగతి తెలియడం ఇదే మొదలు. రెండేళ్ళుగా పిల్ల ఇక్కడ ఇట్టే సర్దుకుపోయిందనీ, ఎంతో బుద్ధిమంతురాలైందనీ అందరితో చెప్పి మురిసిపోయింది. నలభై ముగ్గురు పిల్లల నోరు తెరిపించాలని వెళ్ళి, ఇంట్లో ఉన్న ఒక్క నోరు మూసుకుపోవడం చూడలేదని సిగ్గుతో చితికిపోయింది.

"చూశావా?" పెద్ద మాస్టారు ఈలోగా తేరుకున్నారు. "పిల్లలు బంగారాలు. వాళ్ళనేం అనడానికి లేదు. అసలు బోర్డు మీదికి తప్పు ఎక్కనివ్వకపోతే ఈ రభసే లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ బడిలో నా నోట్సు నడుస్తోంది. ఒక్కరంటే ఒక్కరు వేలెత్తి చూపించారా?"

పిచ్చుక తలెత్తింది. నోరు తెరవబోయి, మళ్ళీ తల దించేసుకుంది.

తల్లి గుర్తుపట్టింది. ఆ రోజు క్లాసులో చూసింది సరిగ్గా ఈ చూపే.

"ఏదో చెప్పబోయావు. చెప్పు తల్లీ."

"ఏం లేదమ్మా."

"ఉంది. ఈసారి నేను వదలను. చెప్పు."

గేటు చప్పుడైంది. లెక్కల మాస్టారు వచ్చి, స్కూటరు కంచె చివరి ఇనప గుంజ పక్కన ఆపి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. చేతిలో ఒక కవరుంది.

"నమస్కారమండీ. సంతకం అయితే కాగితం తీసుకెళదామని..."

"కూర్చో. మా మనవరాలికి నా నోట్సులో ఏదో కనిపించిందట. నువ్వూ విను," అన్నారు పెద్ద మాస్టారు నవ్వుతూ. ఆ నవ్వు చూసి పిల్లకు కాస్త ధైర్యం వచ్చింది.

"నలభై ఒకటో పేజీ తాతయ్యా."

లెక్కల మాస్టారు కూర్చోబోతున్నవాడల్లా మధ్యలోనే ఆగిపోయాడు.

"ఇరవై మీటర్ల కంచెకు రెండేసి మీటర్ల దూరంలో గుంజలు పాతితే ఎన్ని కావాలి అని ఉంది కదా. మీరు పది అని రాశారు."

"పదే కదా? ఇరవైని రెండుతో భాగిస్తే పది."

"పదకొండు తాతయ్యా. మొట్టమొదట ఒకటి పాతాలి కదా. అది కూడా లెక్కలోకి వస్తుంది."

పెద్ద మాస్టారి వేళ్ళు బల్ల అంచు మీద కదిలాయి. ఒకటి, రెండు, మూడు అని వరసగా కదిలి, కొంత దూరం పోయి ఆగిపోయాయి. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు. పరీక్షలో మాత్రం పది అనే రాయాలి. పది రాస్తేనే మార్కులు. పై క్లాసు వాళ్ళు కింది క్లాసు వాళ్ళకి ముందే చెప్పేస్తారు."

ఆయన మెల్లగా శిష్యుడి వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

లెక్కల మాస్టారు కవరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు రాసిందాన్ని మార్చడానికి నేనెంతటివాణ్ణండీ?"

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మీ దగ్గర ఎనిమిదో క్లాసు చదివినప్పటి నుంచీ అండీ."

అత్తగారు కాఫీ గ్లాసుల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"మన కంచె కూడా ఇరవై మీటర్లే," అంది. "మీరే దగ్గరుండి వేయించారు. పది గుంజలు చాలని తెప్పించారు. పదీ పాతాక ఒక పక్క కంచె ఊగిపోతోందని వడ్రంగి నా దగ్గరికొచ్చాడు. మీతో చెప్పాలంటే అతనికి భయం. నాకూ భయమే. పెరట్లో పడున్న పాత నీళ్ళ గొట్టం ఒకటి ఇచ్చి పాతెయ్యమన్నాను. ఆ చివరిదొక్కటే ఇనపది ఎందుకుందో ఇన్నేళ్ళలో మీరొక్కసారైనా అడిగారా?"

పెద్ద మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. సాయంకాలపు ఎండలో తుప్పుపట్టిన గొట్టం స్పష్టంగా కనిపిస్తోంది. రోజూ గేటు దాకా వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి ఆనించుకునేది దాని మీదే.

"నువ్వు కూడానా?" అన్నారు భార్యతో.

"నేను కూడా."

ఆయన మొహం పాలిపోయింది. ఈ క్షణం కోసం కోడలు రెండు రోజులుగా ఎదురుచూసింది. ఆ పొగరు ఎప్పుడు దిగుతుందా అని లోలోపల పళ్ళు నూరుకుంది. తీరా వచ్చాక సంతోషం అనిపించలేదు. జాలేసింది. ఆయన్ని ఒంటరిగా అక్కడ నిలబెట్టి తను పక్కకు తప్పుకోవడం అన్యాయమనిపించింది.

"మామయ్యా, నేనూ ఒకటి దాచాను," అంది. "నేను మరిచిపోలేదు. ఆ రెండు రోజులూ ఆ లెక్క నా కళ్ళ ముందే ఉంది. వాళ్ళే లేచి అడగాలని మొండికేశాను. అడిగేదాకా చెప్పకూడదనుకున్నాను. ఈలోగా పరీక్ష వచ్చిపడింది. పిల్లలు పది మార్కులు పోగొట్టుకున్నది నా మొండితనం వల్ల. అది అక్కడి పద్ధతీ కాదు, ఇక్కడి పద్ధతీ కాదు. నాది."

భర్త పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

"అయితే సంతకం పెడతావా?" అన్నారు పెద్ద మాస్టారు.

"ఆ కాగితంలో ఇది లేదు కదా. అజాగ్రత్త అని ఉంది. మొండితనం అని లేదు. ఉంటే ఇప్పుడే పెడతాను."

ఆయన కళ్ళజోడు డబ్బా పక్కకు జరిపి కాగితం అందుకున్నారు. ఎర్ర పెన్సిలు తీసి, మొదటి వాక్యంలో ఆ మాట దగ్గర ఆనించారు. అక్కడి నుంచి పెన్సిలు మొన రెండో వాక్యం మీదికి జరిగింది. పెద్ద మాస్టారి నోట్సు ప్రకారమే, అక్షరం పొల్లు పోకుండా. మొన అక్కడే ఆగింది. గీత మాత్రం పడలేదు.

లెక్కల మాస్టారు ఇబ్బందిగా దగ్గాడు. "హెడ్మిస్ట్రెస్‌గారు ఇది ఇమ్మన్నారండీ," అని కవరు బల్ల మీద పెట్టాడు.

భర్త చింపి చదివాడు. రేపటి విచారణకు బి సెక్షను క్లాసు లీడరు హాజరు కావాలి. బోర్డు మీద టీచరు ఆ తప్పు తెలిసి రాశారా, తెలియక రాశారా, పిల్లలు ఏమనుకున్నారో కమిటీ ముందు చెప్పాలి. ఆ జవాబు విన్నాకే నిర్ణయం.

క్లాసు లీడరు పిచ్చుకే. నోరెత్తని పిల్ల అని ఏరి కోరి మరీ పెట్టారు.

"నిజం చెప్పు," అన్నారు పెద్ద మాస్టారు మనవరాలితో. "అంతే. ఎవర్ని చూసీ భయపడకు."

"నీకేమనిపించిందో అదే చెప్పు తల్లీ," అంది తల్లి. "నా కోసం ఏమీ మార్చకు."

పిచ్చుక ఇద్దరి మాటలూ శ్రద్ధగా విని, బుద్ధిగా తలూపింది. లోపలికి వెళ్ళి నోటుపుస్తకం, స్కేలు, పెన్ను తెచ్చుకుంది. కాఫీ గ్లాసులు జరిపి బల్ల మీద చోటు చేసుకుని, కొత్త పేజీ తీసి, మార్జిను గీసి, పైన రేపటి తేదీ వేసింది.

"మీరిద్దరూ కలిసి ఒకే మాట అనుకుని చెప్పండి," అంది. "రాసుకుని, రేపు అక్షరం పొల్లు పోకుండా అదే చెప్తాను."

పెన్ను మూత తీసి, తల వంచుకుని, వాళ్ళు మొదలుపెట్టడం కోసం కూర్చుంది.